గళగ్రంథియు, ఉప్పును, పక్షవాతమును



మన కర్నూలు, కడప సీమలలో పెద్దలు రచ్చబండమీద కూడినప్పుడు తఱచుగా వినబడు మాట యొకటి కలదు. నిన్న సాయంకాలము వఱకు మడక దున్నిన మనుష్యుడు తెల్లవారుజామున లేవబోయి కూలబడినాడు, కుడిచేయి, కుడికాలు స్వాధీనము తప్పినవి, మాట ముద్దయైనది, మూతి యొకవైపునకు లాగికొని పోయినది. "వాతము కొట్టినది" అందురు. అంతట నొకరు పావురపు నెత్తురు పూసి రుద్దుమందురు. మఱియొకరు ఫలానా యూర పసరుమందు కలదందురు. ఇటువంటి ఆలోచనలతో ఒక పూట గడచిపోవును. ఆ పూటలోనే మెదడులో కొంతభాగము మరల కోలుకొనరాని విధముగ నశించును. ఆ యింటికి దున్నువాడు లేకపోవును. వానిని లేపి కూర్చుండబెట్టుటకు మఱియొకరి చేతులు పనికి దూరమగును.

ఈ పక్షవాతమునకు పెక్కు దారులు కలవు. వానిలో రాజమార్గము రక్తపుపోటు. చక్కెరవ్యాధి, పొగాకు, రక్తములోని క్రొవ్వు దాని తర్వాతివి. ఇది మొదటనే చెప్పుట న్యాయము. నేడు నేను చెప్పబోవునది వీనికంటె ఇఱుకైన దారి. అది మన కంఠమునందలి యొక చిన్న గ్రంథి నుండి బయలుదేరి, గుండెమీదుగా మెదడునకు పోవును. దారి చిన్నదే కాని, దీనిని కనుగొనుట సులభము, మూయుటయు సులభము. తెలియక విడిచిపెట్టుటయే నష్టము. దీనిని మనుష్యులు ఎట్లు తెలిసికొనిరో, అందు మన తెలుగువా డొకడు చేసిన పని యేమో, మన సీమకు దానితో గల సంబంధ మేమో విన్నవించెదను.

గొంతుముడికి దిగువను, ఊపిరిగొట్టమునకు ముందు, రెక్కలు చాచిన సీతాకోకచిలుకవలె అంటిపెట్టుకొని యున్నది గళగ్రంథి. దీనినే థైరాయిడ్ అందురు. పెద్దవారిలో దీని తూకము ఇరువది గ్రాములకు అటు ఇటు. ఇది ఉబ్బి మెడక్రింద వ్రేలాడినచో దానికి గళగండమని పేరు. సుశ్రుతుడు తన సంహితలో గళగండమును వేఱుగ వర్ణించెను. చరకుడు వాతమువలన కలుగు రోగములను ఎనుబదిగా లెక్కించి, పక్షవధమును వానిలో చేర్చెను. కాని మెడవాపు ఒక గదిలోను, పక్షవాతము మఱియొక గదిలోను ఉండిపోయినవి. రెంటి నడుమ తలుపు కలదని పూర్వు లెఱుగరు. ఐరోపా వైద్యులును చిరకాల మెఱుగరు. 1658లో స్విట్జర్లాండు దేశపు వేప్‌ఫర్ అను వైద్యుడు, పక్షవాతముతో మరణించినవారి తలలను కోసి చూచి, మెదడులో నెత్తురు చిందియుండుటను ప్రకటించెను. అది వాయువు పని కాదనియు, నెత్తురు గొట్టముల పని యనియు నాటినుండి క్రమముగా తెలియవచ్చెను. గొట్టము పగులుట యొక విధము. గొట్టము మూసికొనిపోవుట రెండవ విధము. గుండెలో గడ్డకట్టిన నెత్తురు కొట్టుకొనిపోయి దూరమున నున్న గొట్టమున కడ్డుపడునని పందొమ్మిదవ శతాబ్దపు నడిమిభాగమున జర్మను వైద్యుడు విర్కో స్థిరపఱచెను.

ఇక గళగ్రంథి కథ. ఇంగ్లండునందలి బాత్ నగరమున పారీ అను వైద్యుడు 1786లో ఒక స్త్రీని చూచెను. ఆమె మెడ ఉబ్బియుండెను. గుండె విపరీతముగ దడదడలాడుచుండెను. ఈ రెంటికిని సంబంధము కలదని అత డనుమానించి వ్రాసికొనెను. అతడు మరణించిన పిమ్మట 1825లో ఆ వ్రాత అచ్చయ్యెను. 1835లో డబ్లిన్ నగరమున గ్రేవ్స్, 1840లో జర్మనీయందు బాసెడో ఇటువంటి రోగులనే వర్ణించిరి. మెడ వాపు, గుండెదడ, కనుగ్రుడ్లు ముందుకు వచ్చుట, ఎంత తినినను చిక్కిపోవుట, చేతుల వణకు, చెమట — ఇవి లక్షణములు. మెడకును గుండెకును నడుమ నున్న తలుపు అప్పుడు మొదటిసారి తెఱువబడెను.

ఇదే కాలమున మఱియొక సంగతి జరిగెను. 1811లో ఫ్రాన్సు దేశమున కూర్త్వా అనునతడు తుపాకిమందునకు కావలసిన సురేకారము చేయుచు, సముద్రపు నాచు కాల్చిన బూడిదనుండి ఊదారంగు ఆవిరి లేచుట చూచెను. అదియే అయోడిన్. నాచు బూడిద గళగండమునకు మందుగా వాడుట పూర్వమునుండి యుండుటచే, జెనీవా వైద్యుడు క్వాందే 1820లో ఆ గుణము అయోడిన్‌దే కావలెనని యూహించి రోగులకు ఇచ్చెను. పలువురి వాపులు కరగినవి. కాని కొందఱికి గుండెదడ పట్టుకొనెను, వారు చిక్కిపోయిరి. మందునే తప్పుపట్టిరి. మందు తక్కువైనను చేటు, ఎక్కువైనను చేటు అను ఈ పాఠము రెండువందల యేండ్ల క్రిందటనే వ్రాయబడినది. ముందు ముందు దీనిని మరల తలచుకొనవలసి యుండును.

గ్రంథి మందగించినచో ఏమగునో 1873లో లండను వైద్యుడు గల్ వర్ణించెను. ముఖము ఉబ్బును, చర్మము గరుకగును, చలి కోర్వలేరు, మాట బరువగును, బుద్ధి మందగించును, గుండె నెమ్మదించును. బెర్న్ నగరపు శస్త్రవైద్యుడు కోకర్, గళగండమును పూర్తిగ కోసివేసిన తన రోగులు కొందఱు ఈ స్థితికే దిగజారిరని 1883లో దాచక ప్రకటించెను. తన తప్పును తానే లోకమునకు చెప్పిన ఆ వైద్యునికి 1909లో నోబెల్ బహుమాన మిచ్చిరి. 1891లో న్యూకాజిల్ నగరమున మరే అను యువకుడు, గొఱ్ఱె గళగ్రంథి రసమును తీసి, ఇటువంటి వ్యాధిగల నలువది యాఱేండ్ల స్త్రీకి సూదిమందుగా ఎక్కించెను. ఆమె కోలుకొని, పిమ్మట ఇరువది యెనిమిదేండ్లు బ్రదికెను. అందుకు ఎనిమిదివందల డెబ్బదికి పైగా గొఱ్ఱెల గ్రంథులు కావలసివచ్చినవట. గొఱ్ఱెలను కాచు మన సీమవారికి ఈ లెక్క వినుటకు ఇంపుగానే యుండును. 1914వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన అమెరికాలో కెండాల్ అను శాస్త్రజ్ఞుడు ఆ రసములోని సారమును స్ఫటికములుగా వేఱుచేసి థైరాక్సిన్ అని పేరు పెట్టెను. 1927లో హారింగ్టన్, బార్జర్ అనువారు దానిని రసాయనశాలలోనే తయారుచేసిరి. నేడు వైద్యు డిచ్చు చిన్న తెల్లని మాత్ర ఆ పరిశ్రమల ఫలము.

ఈ థైరాక్సిన్‌కు మూలపదార్థము అయోడిన్. గ్రంథి దానిని నెత్తురునుండి ఏరుకొని, సారమును తయారుచేసి శరీరమంతటికి పంపును. ఎంత పంపవలెనో నిర్ణయించునది తలలోని పీయూషగ్రంథి. మన కర్నూలు–కడప కాలువ తూములయొద్ద లస్కరు ఉన్నాడు గదా. మడి ఎండినచో తలుపు లేపును, నిండినచో దించును. అట్లే నెత్తురులో గళసారము తగ్గినచో పీయూషగ్రంథి టి.ఎస్.హెచ్. అను ఆజ్ఞారసమును హెచ్చుగ పంపును. గళసారము హెచ్చినచో దానిని తగ్గించును. కావున పరీక్షాపత్రములో టి.ఎస్.హెచ్. అంకె పెద్దదైనచో గ్రంథి మందగించినదనియు, మిక్కిలి చిన్నదైనచో గ్రంథి మితిమీఱి పనిచేయుచున్నదనియు సామాన్యముగ గ్రహింపవలెను. అంకె తలక్రిందులుగ చెప్పునని మఱువరాదు. పల్లెలలో పెక్కుమంది ఇచ్చటనే పొరబడుచున్నారు.

ఇక పక్షవాతమునకు దారి. గళసారము మితిమీఱినప్పుడు గుండె పైగదుల లయ చెడును. ఒక్కొక్క కొట్టుకు ఒక్కొక్క యెడముతో, తాళము తప్పిన తప్పెటవలె నాడి ఆడును. గ్రంథి చెలరేగిన రోగులలో నూటికి సుమారు పదిమందికి ఈ లయభంగము కలుగును. వృద్ధులలో మఱింత హెచ్చు. పైగదులు చక్కగ ముడుచుకొనక వణకుచుండుటచే నెత్తురు అందు నిలిచిపోవును. పాఱు నీరు తేటగ నుండును. నిలిచిన నీరు పాచిపట్టును. అట్లే నిలిచిన నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డ తునుక యొకటి బయలుదేరి మెదడు గొట్టములో చిక్కుకొన్నచో, అదే పక్షవాతము. గళసారము తక్కువైనను కీడు లేకపోలేదు. రక్తములో క్రొవ్వు పెరుగును, పోటు హెచ్చవచ్చును, గొట్టములు గట్టిపడును. కాలక్రమమున దారి మూసికొనును. మొదటిది అకస్మాత్తుగ పొర్లివచ్చు వాగువంటిది. రెండవది పూడిక పడు చెఱువువంటిది.

ఈ సంగతులు ఊహలు కావు. ఏండ్ల తరబడి లెక్కించి తేల్చినవి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948 నుండి వేలాది జనులను వైద్యులు విడువక పరిశీలించుచున్నారు. గుండె పైగదుల లయభంగము గలవారికి పక్షవాతభయము అయిదు రెట్లకు పైబడునని అచ్చట 1978లో తేల్చిరి. 1994లో అదే పట్టణమున అఱువదేండ్లు దాటిన 2,007 మంది లెక్కలు ప్రకటించిరి. టి.ఎస్.హెచ్. మిక్కిలి తక్కువగ నున్నవారిలో పదియేండ్లలో నూటికి 28 మందికి లయభంగము కలిగెను. సరిగ నున్నవారిలో నూటికి 11 మందికే కలిగెను. తైవాను ద్వీపమున 2010లో ప్రకటించిన పరిశీలనయందు, గ్రంథి చెలరేగిన యౌవనవంతులలో అయిదేండ్లలో మెదడు గొట్టము మూసికొనుట ఇతరులకంటె నూటికి 44 వంతులు హెచ్చుగ కనబడెను. ఇది ముసలివారి వ్యాధి యని పడుచువారు ధీమాపడరాదు. 2016లో పలు దేశములవారు కూడి 43,598 మంది లెక్కలను ఒక్కచోట చేర్చి చూచిరి. అంకెలు మామూలు హద్దులలో నున్నవారిలోనే, గళసారము హెచ్చువైపున నున్నవారికి పక్షవాతభయము కొంచెము హెచ్చనియు, తక్కువవైపున నున్నవారికి కొంచెము తక్కువనియు తేలెను. హద్దులలో నున్నవారు దీనికై భయపడి మందు తినవలసిన పనిలేదు. హద్దు దాటినవారు మాత్రము ఉపేక్షింపరాదు.

ఇప్పుడు మన దేశమునకు, మన ఉప్పునకు వత్తము.

1800లో నిజాము ఆంగ్లేయుల కిచ్చివేసిన దత్తమండలములలో కడప సీమ యొకటి. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసెను. 1928లో నంద్యాల సభయందు దత్తమండలములను మాట విడిచి రాయలసీమ యను పేరు పెట్టుకొంటిమి. ఈ సీమకు సముద్రము లేదు. పూర్వము మన తాతలు తిన్న ఉప్పు రెండు దారుల వచ్చెడిది. ఒకటి ఉప్పరులు చేసిన మట్టియుప్పు. చవిటినేల పైమట్టిని గీకి, నీటితో వడగట్టి, ఆ నీటిని ఎండలో ఆరబెట్టియో కాచియో ఉప్పు తీసెడివారు. రెండవది సముద్రతీరపు ఉప్పు. లంబాడీలు, ఎఱుకలవారు ఎద్దులమీద పెరికెలు వేసికొని, కనుమలు దాటి ఉప్పు తెచ్చి, ధాన్యమునకు మార్చుకొని పోయెడివారు. మద్రాసునుండి రాయచూరు వఱకు ఇనుపదారి 1871 నాటికి కలిసెను. అది కడపమీదుగనే పోవును. పొగబండి వచ్చిన పిమ్మట పెరికె యెద్దులు నిలిచిపోయినవి. పందొమ్మిదవ శతాబ్దపు కడపటి భాగమున దొరతనమువారు పన్ను నష్టమగునని మట్టియుప్పును క్రమముగ మాన్పించిరి. ఉప్పరులు మట్టిపనికిని చెఱువుపనికిని పోయిరి. ఉప్పు తులమునకు తులము కొనుక్కొనవలసిన వస్తువయ్యెను. 1930లో గాంధీమహాత్ముడు దండికి నడచినది ఈ బాధనుబట్టియే. 1947లో ఉప్పుపన్ను రద్దయ్యెను.

పన్ను పోయినది సరే. ఉప్పులో అయోడిన్ లేకపోవుటయను లోటు అట్లేయుండెను. సముద్రపు ఉప్పులో అయోడిన్ సమృద్ధిగ నుండునని పలువురనుకొందురు. అది పొరపాటు. సముద్రజలమున నున్నదే స్వల్పము. ఉప్పు ఆరునప్పటికి అందు మిగులునది అత్యల్పము. కొండయుప్పు, అనగా సైంధవలవణమునందును చాలినంత లేదు. మనుష్యునికి దినమునకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలును. డెబ్బదియేండ్ల జీవితమున కంతకు కలిపినను నాలుగు గ్రాములు కాదు. ఒక చెంచాడు పదార్థము జీవితమంతయు నిలుపును; కాని అది దినదినమును అందవలెను. వానలకు మన్ను కొట్టుకొనిపోయిన కొండనేలలలో ఇది లోపించును, పంటలో లోపించును, పంట తిన్న మనుష్యునిలో లోపించును. హిమాలయపు లోయలలో ఊళ్లకు ఊళ్లే గళగండముతో నుండుటయు, బిడ్డలు చెవిటి మూగలై మందబుద్ధులై పుట్టుటయు ఇందువలననే.

ఈ దుస్థితిని తొలగించుటలో ముఖ్యుడు తెలుగువాడు. వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించిరి. విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో 1944లో పట్టభద్రులై, ఆక్సుఫర్డులో పరిశోధన చేసి, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమున పనిచేసిరి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర నున్నది. దానికి పునాది వేసిన మెకారిసన్ దొరయు, యౌవనమున గిల్గిట్టు ప్రాంతమున గళగండమునే పరిశోధించినవాడు. రామలింగస్వామిగారు తమ సహచరులతో, నాడు పంజాబులో నుండిన కాంగ్రా లోయను ఎన్నుకొనిరి. సుమారు లక్ష జనాభాగల ప్రదేశమును మూడు భాగములు చేసి, 1956 నుండి రెండు భాగములకు అయోడిన్ కలిపిన ఉప్పును, ఒక భాగమునకు మామూలు ఉప్పును పంపిరి. ఒక భాగమున అయొడైడు, మఱియొక భాగమున అయొడేటు వాడిరి. తేమకు ఆవిరియై పోక నిలుచునది అయొడేటు గనుక, పామరజనులు వాడు ముతక ఉప్పునకు అదియే తగినదని తేలెను. ఆఱేండ్లకు చూడగా, అయోడిన్ ఉప్పు తిన్న భాగములలో బడిపిల్లల గళగండము సగమునకును అంతకు తక్కువకును దిగెను. మామూలు ఉప్పు తిన్న భాగమున తగ్గనేలేదు. పిమ్మట ఆ భాగమునకును మంచి ఉప్పే ఇచ్చిరి. అచ్చటను వ్యాధి తగ్గెను.

ఈ పనియే ఆధారముగ భారతప్రభుత్వము 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. 1992లో దానికి అయోడిన్ లోపవ్యాధుల నివారణ కార్యక్రమమని విస్తృతమైన పేరు పెట్టిరి. అయోడిన్ లేని ఉప్పును తినుటకు అమ్మరాదను నిషేధము 1998లో వచ్చి, 2000లో ఎత్తివేయబడి, 2006లో మరల వచ్చెను. తయారగు చోట పదిలక్షల పాళ్లకు ముప్పది పాళ్లు, కొనువాని చేతికి చేరునప్పటికి పదునైదు పాళ్లు అయోడిన్ ఉండవలెనని నియమము. రామలింగస్వామిగారు ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థకు సంచాలకులై, 1986లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము పొంది, 2001లో కీర్తిశేషులైరి. శ్రీకాకుళపు బిడ్డ కాంగ్రా కొండలలో నడచినందున, నేడు మన కడప సంతలో కొను ఉప్పు పొట్లము మారినది.

ఐనను క్వాందే వైద్యుని పాఠమును మఱువరాదని ముందే చెప్పితిని. 1966లో టాస్మేనియా ద్వీపమున రొట్టెలో అయోడిన్ కలుపగా, కొంతకాలము గ్రంథి చెలరేగు వ్యాధి పెరిగెను. అది యెక్కువగ, ఏండ్ల తరబడి గడ్డలు కట్టిన మెడవాపుగల వృద్ధులకే కలిగెను. ఎండి బీటలువాఱిన చెఱువునకు ఒక్కసారిగ వరద వచ్చినచో కట్ట తెగినట్లే. అంతమాత్రమున నీరు వలదని చెఱువు విడుతుమా? విడువము, కట్టను కాచుకొందుము. అయోడిన్ ఉప్పువలన లోకమునకు కలిగిన మేలు ముందు ఈ కీడు అల్పము. మనము నేర్వవలసిన దేమనగా, మెడవాపు చిరకాలముగ గల పెద్దలను వైద్యునికి చూపి, వారి నాడి కనిపెట్టుచుండవలెను.

మన సీమకు ప్రత్యేకముగ చెప్పవలసిన మాటలు కొన్ని కలవు.

మనది హిమాలయములవలె గళగండమునకు పేరుపడిన నేల కాదు. కాని థైరాయిడ్ దోషము ఇప్పుడు కొండలకు మాత్రమే చెందినది కాదు. 2013లో ప్రకటించిన పరిశీలనలో హైదరాబాదుతో కూడ ఎనిమిది నగరములలో 5,376 మంది పెద్దలను పరీక్షింపగా, నూటికి సుమారు పదునొకండుగురిలో గ్రంథి మందగించియుండెను. మందగించుట స్త్రీలలో హెచ్చు. ఇది నగరముల లెక్కయే. అయినను నగరమున నున్నది పల్లెలో నుండదని యనుకొనుట సాహసము.

మనము సజ్జలు తిను జనులము. సూడాను దేశపు డార్ఫూరు ప్రాంతమున సజ్జయే ముఖ్యాహారముగ గలవారిలో గళగండము హెచ్చుగ నుండుట చూచి, సజ్జగింజలోని కొన్ని పదార్థములు గళగ్రంథి పనికి అడ్డుపడునని 1980 దశకమున శాస్త్రజ్ఞులు పరీక్షించి చూపిరి. ఇది విని సజ్జరొట్టె మానవలదు. అయోడిన్ చాలినంత అందుచు, నానావిధధాన్యములు, పప్పులు, కూరలు కలిసి తిను ఇంట ఈ భయము లేదు. అయోడిన్ లేని ఉప్పు, ఒక్క సజ్జ — ఈ రెండు కూడినచోటనే కీడు.

ఉప్పు విషయమున పెద్దల పట్టుదల నేనెఱుగుదును. గల్లుప్పే రుచియనియు, పొట్లపు ఉప్పు మందు వాసన యనియు అందురు. ఊరగాయకు గల్లుప్పు వాడినను వాడుడు. దినదినము కూరలో వేయునది మాత్రము అయోడిన్ కలిసినదై యుండవలెను. దానిని మూతగల పాత్రలో, పొయ్యి సెగకును తేమకును దూరముగ నుంచుడు. వంట దిగునప్పుడు వేయుడు. కాని అయోడిన్ కొఱకు ఉప్పు హెచ్చుగ తినుడని నే ననలేదు. దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఊరుమిండి, ఊరగాయ, వడియములతో మనము దానిని దాటుచున్నాము. ఉప్పు మితిమీఱినచో రక్తపుపోటు; అదియే పక్షవాతమునకు రాజమార్గమని మొదటనే చెప్పితిని. ఒక్క ఉప్పుగింజలోనే రక్షయు, శిక్షయు కలవు. కొలతయే వివేకము.

మాత్ర తినువారికి రెండు మాటలు. గ్రంథి మందగించినవారి కిచ్చు థైరాక్సిన్ మాత్రను తెల్లవారి పరగడుపున నీటితో మ్రింగి, అరగంట వఱకు కాఫీయైనను త్రాగకుండుట మేలు. ఒళ్లు తేలికపడినదని మానివేయుట యొక తప్పు. ఇంకను చుఱుకు రావలెనని ఎక్కువ మ్రింగుట, చిక్కిపోవలెనని ఇతరుల మాత్రను మ్రింగుట అంతకంటె పెద్ద తప్పు. మాత్ర హెచ్చినచో గ్రంథి చెలరేగినట్లే గుండెలయ చెడును. టి.ఎస్.హెచ్. కొంచెమే హెచ్చిన వృద్ధులకు మాత్రవలన ఒంటికి విశేషముగ తేలిక కలుగదని 737 మంది పెద్దలమీద చేసి 2017లో ప్రకటించిన పరీక్ష తెలుపుచున్నది. కావున మాత్ర అందఱికిని అవసరము కాదు. అవసరమైనవారికి అది ప్రాణాధారము. ఆ నిర్ణయము వైద్యునిదే కాని పొరుగింటివారిది కాదు.

ఇక మీరే చేయగల పరీక్ష యొకటి. బొటనవ్రేలి మొదట, మణికట్టుమీద మూడు వ్రేళ్లుంచి నిమిషము సేపు నాడి చూడుడు. అది తాళము తప్పక నడచుచున్నదా, లేక క్రమము లేక పరుగిడుచున్నదా? మన ఊరి నాడివైద్యులు తరతరములుగ చేయుచుండిన పనియే యిది. 1909లో లండనునందు థామస్ లూయిస్, గుండె విద్యుల్లేఖల నాధారముచేసి, తాళము తప్పిన ఆ నాడి గుండె పైగదుల వణకేయని స్థిరపఱచెను. నాడి తాళము తప్పియుండి, ఒళ్లు చిక్కుచు, చేతులు వణకుచు, నిదుర పట్టకున్నచో, వృద్ధాప్యమని సరిపెట్టుకొనక, పెద్దాసుపత్రిలో గుండెలేఖయు, థైరాయిడ్ పరీక్షయు చేయించుడు. పెద్దవయస్సున ఈ వ్యాధి కన్నులు ముందుకు రాకయే, మెడ ఉబ్బకయే, కేవలము నీరసముగను లయభంగముగను దాగియుండును. పట్టుకొన్నచో దానికి మందు కలదు. నెత్తురు గడ్డకట్టకుండ నిలుపు మందును కలదు. 1956 నుండి కర్నూలునందును, 2006 నుండి కడపయందును వైద్యకళాశాలలు కలవు. తాతలు మద్రాసునకు పోవలసిన పనికి మనము పూటలో పోయి రాగలము.

అన్నియు చేసినను ఎప్పుడైన మూతి వంకరపోయినచో, చేయి ఎత్తలేకపోయినచో, మాట తడబడినచో, పావురమును వెదకవలదు. 2005 నుండి మన రాష్ట్రమున నున్న 108 బండిని పిలువుడు. లక్షణము కనబడిన గడియను గుర్తుంచుకొని వైద్యునికి చెప్పుడు. గొట్టము మూసికొన్న పక్షవాతమునకు నాలుగున్నర గంటలలోపల, తగినవారికి, గడ్డ కరగించు సూదిమందు ఇయ్యవచ్చును. ఆ మందు అన్ని ఆసుపత్రులలోను ఉండదు గనుక, అది గల ఆసుపత్రి ఏదో ముందుగనే తెలిసికొని యుండుట ఊరిపెద్దల విధి. చెఱువుకట్ట తెగిన పిమ్మట మన్ను వెదకువాడు రైతు కాడు గదా.

సుశ్రుతుని గళగండమునకును, చరకుని పక్షవధమునకును నడుమ తలుపు తెఱచుటకు లోకమునకు వేయేండ్లకు పైగ పట్టినది. కూర్త్వా బూడిదలో చూచిన ఊదారంగు ఆవిరి, మరే గొఱ్ఱెల గ్రంథులు, రామలింగస్వామిగారి కాంగ్రా ఉప్పు — ఇవన్నియు కలిసి ఆ తలుపు తెఱచినవి. తెఱచిన తలుపులో మన ముసలి తల్లిదండ్రులను క్షేమముగ దాటించుట మన చేతిలోని పని. అందుకు కావలసినది చిటికెడు మంచి ఉప్పు, నిమిషము సేపు నాడి చూచు ఓపిక, అవసరమైననాడు ఆలస్యము చేయని బుద్ధి.